కార్యవర్గంలో ఆ కుర్చీ ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తరహా సంస్థలు నడిపేవారివి. భాష, మతం, జాతి, లింగం, వైకల్యం, వయసు, ఏ తేడా వల్లా ఎవరూ గుమ్మం బయట నిలబడిపోకూడదని పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలు ఇవి. పేర్లు, ఊళ్లు తీసేసి ప్రశ్నలను కుదించాం. రిజిస్ట్రేషన్, పన్నుల నిబంధనలు దేశానికొక తీరుగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.

ప్రశ్న: మా కార్యవర్గంలో తొమ్మిది మందిమి. అందరం పాత స్నేహితులం. భాష ఒకటే, వయసూ ఇంచుమించు ఒకటే. మేం ఎవరి కోసం పనిచేస్తున్నామో వాళ్లలో ఒక్కరూ ఇందులో లేరు. కిందటేడు ఒకామెను తీసుకున్నాం. నాలుగు మీటింగులకు వచ్చారు, పెద్దగా ఏమీ మాట్లాడలేదు, తర్వాత మానేశారు. పొరపాటు ఎక్కడ జరిగింది? (ఒక అధ్యక్షురాలు)

జవాబు: ఆమెను ఒక్కరినే తీసుకోవడం దగ్గర. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడానికి కొత్తగా వచ్చిన మనిషి జంకుతుంది. సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో గీతల పొడవులు పోల్చే ప్రయోగం ఒకటి చేశాడు. గదిలో మిగతా వాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతుంటే, నిజం కళ్లెదుటే కనబడుతున్నా ఆ ఒంటరి మనిషి సుమారు మూడింట ఒక వంతు సార్లు వాళ్ల మాటకే సరే అన్నాడు. సరైన జవాబు చెప్పే తోడు ఒక్కరు ఉంటే చాలు, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. గీతల పొడవు దగ్గరే ఇంత మొహమాటం ఉంటే, పాత స్నేహితులు తొమ్మిదిమంది తలూపిన బడ్జెట్‌ను కాదనడం ఎంత కష్టమో ఊహించండి. అందుకని ఒకేసారి ఇద్దరిని, వీలైతే ముగ్గురిని తీసుకోండి.

దానికి కుర్చీలు ఖాళీ కావాలి. ఉన్నవాళ్లను ఉంచి అదనంగా చేర్చుకుంటూ పోతే కార్యవర్గం పద్నాలుగు మందికి ఉబ్బుతుంది, అసలు నిర్ణయాలు పాత నలుగురి ఫోన్ గ్రూపులోకి జారిపోతాయి. నియమావళిలో పదవీకాలం రాయండి: మూడేళ్లు, వరుసగా రెండు విడతలకు మించకూడదు, ఏటా మూడో వంతు మంది దిగిపోవాలి. మొదటిసారి మాత్రం ఎవరు ఏడాదికి, ఎవరు రెండేళ్లకు, ఎవరు మూడేళ్లకు దిగాలో చీటీలు తీసి తేల్చుకోండి. అధ్యక్షురాలి పేరు కూడా ఆ చీటీల్లో ఉండాలి.

తర్వాత వెతకడం. "మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే మళ్లీ మీలాంటివాళ్లే దొరుకుతారు. ఒక పేజీలో పని రాయండి: నెలకు ఎన్ని గంటలు పడుతుంది (కాగితాలు చదవడంతో కలిపి ఐదారు గంటలు అనుకోవచ్చు), మీటింగు ఏ రోజు, ఎన్నింటికి, దారి ఖర్చులు ఎవరు పెట్టుకుంటారు, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉందా. దాన్ని ఆరు వారాల ముందు ఆ జనం కలుసుకునే చోట్ల పెట్టండి. ఎంపికకు ముగ్గురు కూర్చోండి. వారిలో ఒకరైనా మీ స్నేహబృందానికి బయటివారై ఉండాలి.

కొత్తవాళ్లు మాట్లాడకపోవడానికి సిగ్గు కంటే సమాచారం లేకపోవడం పెద్ద కారణం. పాతవాళ్లకు ఆరేళ్ల చరిత్ర తెలుసు, పొట్టి పేర్లన్నీ నోటికి వచ్చు. కాబట్టి మొదటి మీటింగుకు ముందే కోశాధికారి కిందటేడాది లెక్కలు పట్టుకుని వాళ్లతో ఒక గంట కూర్చోవాలి. అజెండా, కాగితాలు ఏడు రోజుల ముందు చేరాలి. రెండు రోజుల ముందు ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏ అంశం మీద మాట్లాడాలనుకుంటున్నారు?" అని అడగాలి. మీటింగులో అధ్యక్షురాలు చివర మాట్లాడాలి. ఇదొక్కటి పాటించినా గది వాతావరణం మారుతుంది, ఎందుకంటే ఆమె అభిప్రాయం ముందే తెలిస్తే చాలామంది తమది మింగేసుకుంటారు.

ఇక, వచ్చినవాళ్లను "వైవిధ్య ఉపసంఘం"లోనే కూర్చోబెట్టకండి. ఆర్థిక ఉపసంఘంలో వేయండి, ఉద్యోగుల ఎంపికలో వేయండి, చెక్కు మీద రెండో సంతకం ఇవ్వండి. షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించింది. సమాచారం ఇవ్వడం మూడో మెట్టు, అభిప్రాయం అడగడం నాలుగోది, సలహాకు నాలుగు కుర్చీలు వేసి నిర్ణయం మాత్రం తమ దగ్గరే ఉంచుకోవడం ఐదోది. ఈ మూడింటినీ ఆమె నామమాత్రపు భాగస్వామ్యం కిందే కట్టింది. చాలా సంస్థలు గొప్పగా చెప్పుకునే "సలహా మండలి" ఉండేది ఆ ఐదో మెట్టు మీదే.

ఆరు నెలలయ్యాక మినిట్స్ పుస్తకం తిరగేసి, కొత్తవాళ్లు పెట్టిన ప్రతిపాదనలు ఎన్ని, ఆమోదం పొందినవి ఎన్ని అని లెక్కపెట్టండి. ప్రతిపాదించినవారి పేరు మినిట్స్‌లో రాసే అలవాటు లేకపోతే ఇవాళే మొదలుపెట్టండి. లేకపోతే కొత్తామె చెప్పిన మాటను పది నిమిషాల తర్వాత పాతాయన తన మాటగా చెబుతాడు, అదే రికార్డయిపోతుంది.

ప్రశ్న: ఫిబ్రవరి 21న మాతృభాషా దినం, మార్చి 8న మహిళా దినం, మార్చి 21న జాతి వివక్ష వ్యతిరేక దినం, డిసెంబరు 3న వికలాంగుల దినం, అన్నీ చేస్తున్నాం. వచ్చేవాళ్లు మాత్రం ప్రతిసారీ అవే ముఖాలు. (ఒక కార్యదర్శి)

జవాబు: నాలుగింటిలో ఒక్కటే ఉంచుకోండి. మార్చి 21 వెనుక 1960లో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలైన ఘటన ఉంది. ఆ రోజు బెలూన్లు కట్టి పాటల పోటీ పెడుతున్న సంస్థలూ ఉన్నాయి. తేదీ ఎందుకు వచ్చిందో తెలియకుండా చేస్తే ఇలాగే ఉంటుంది. ఉంచుకున్న ఆ ఒక్కదాన్ని, ఎవరి పేరిట జరుపుతున్నారో వాళ్లకే అప్పజెప్పండి, డబ్బుతో సహా. ఏం చేయాలో వాళ్లే తేల్చుకుంటారు. మీకు నచ్చని పద్ధతిలో చేసినా అడ్డు రాకండి.

ప్రశ్న: "అందరూ ఆహ్వానితులే" అని కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేస్తాం. చక్రాల కుర్చీలో తిరిగేవారు, వినికిడి లేనివారు మాత్రం రారు. ఆసక్తి లేదనుకోవాలా? (ఒక వాలంటీర్ల సమన్వయకర్త)

జవాబు: రావడానికి వీలుంటుందన్న నమ్మకం లేదనుకోవాలి. ప్రపంచ జనాభాలో సుమారు 16 శాతం, అంటే ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మీ చుట్టుపక్కల వాళ్లు లేకపోవడం కాదు, రెండు మూడు సార్లు మెట్ల దగ్గరి నుంచి వెనక్కి వెళ్లిపోయినవాళ్లు నాలుగోసారి బయలుదేరరు.

టేపు పట్టుకుని హాలుకు వెళ్లండి. ర్యాంపు వాలుకు విస్తృతంగా పాటించే లెక్క ఒకటికి పన్నెండు: 15 సెంటీమీటర్ల ఎత్తుకు కనీసం 180 సెంటీమీటర్ల పొడవు. మెట్ల మీద పలక వేసి "ర్యాంపు ఉంది" అనడం ప్రమాదం; ఆ వాలులో కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. తలుపు తెరిచినప్పుడు మిగిలే ఖాళీ 90 సెంటీమీటర్లు ఉంటే మంచిది. కుర్చీ పూర్తిగా తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసం గల జాగా కావాలి. టాయిలెట్లో ఇది ఉందో లేదో తప్పక కొలవండి, ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. అందరూ మరిచిపోయేది వేదిక. ప్రేక్షకులకు దారి వేస్తారు, వక్తల్లో ఒకరు చక్రాల కుర్చీలో వస్తారన్న ఊహే ఉండదు. 60 సెంటీమీటర్ల వేదికకు ఏడు మీటర్లకు పైగా ర్యాంపు కావాలి కాబట్టి, చిన్న సభలకు అసలు వేదిక ఎక్కకుండా వక్తలు కూడా ప్రేక్షకుల మట్టంలోనే కూర్చోవడం తేలిక.

సంజ్ఞా భాష అనువాదకులను గంట దాటే సభకు ఇద్దరిని పిలవండి. ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి మారకపోతే అలసటతో తప్పులు దొర్లుతాయి. ప్రసంగాల పాఠం, పేర్ల జాబితా మూడు రోజుల ముందు వాళ్లకు ఇవ్వండి. వీడియో చూపించడానికి లైట్లు ఆర్పేస్తే అనువాదకురాలి చేతులు కనబడవు, ఆమె మీద ఒక దీపం ఉంచండి. సంజ్ఞా భాషలు కూడా ప్రాంతాన్ని బట్టి వేరువేరుగా ఉంటాయి. వచ్చేవాళ్లది ఏదో ముందే కనుక్కోండి. "నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అనే వక్త చేతికి కూడా మైకు ఇవ్వండి. హాల్లో వినికిడి యంత్రాలకు శబ్దం నేరుగా పంపే ఏర్పాటు ఉంటే, మైకులో పలకని మాట వాళ్లకు చేరదు.

నమోదు కాగితంలో "మీ వైకల్యం ఏమిటి?" అని అడగకండి. "మీరు సౌకర్యంగా పాల్గొనడానికి ఏం ఏర్పాటు కావాలి?" అని అడిగి కింద గళ్లు ఇవ్వండి: మెట్లు లేని దారి, సంజ్ఞా భాష, తెర మీద అక్షరాలు, 18 పాయింట్ల పెద్ద ముద్రణ, సహాయకులకు కుర్చీ, కాసేపు విశ్రాంతికి నిశ్శబ్ద గది, ఇతరం. గడువు సభకు రెండు వారాల ముందు పెట్టండి, అనువాదకులు దొరకడానికి ఆ సమయం కావాలి. కరపత్రాన్ని బొమ్మగా మాత్రమే ఫోన్లకు పంపితే చూపు లేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. అదే విషయాన్ని కింద అక్షరాల్లో కూడా పెట్టండి. తెల్ల కాగితం మీద లేత బూడిద రంగు అక్షరాలు అందంగా ఉంటాయి, చదవలేం. వెబ్ పేజీలకు అంతర్జాతీయ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు, వాటి వెనక రంగుకు మధ్య కనీసం 4.5:1 వెలుగు తేడా అడుగుతుంది, ముద్రణకూ దాన్నే పాటించండి.

ఇక డబ్బు. ఏర్పాట్ల ఖర్చు బడ్జెట్ మొదటి చిత్తులోనే విడిగా ఒక వరుసగా ఉండాలి. పదో వంతు పక్కన పెట్టుకుని మొదలవండి. ఎవరైనా అడిగాక చూద్దామంటే అప్పటికి డబ్బంతా భోజనాలకు, షామియానాకు అయిపోయి ఉంటుంది. ఏది చేయలేకపోయారో అది కూడా కరపత్రంలో రాయండి. "లిఫ్టు లేదు, సభ కింది అంతస్తులోనే" అన్న ఒక్క వాక్యం చూసి మనిషి నిశ్చింతగా బయలుదేరతాడు.

ప్రశ్న: తమ అనుభవం పంచుకోవడానికి వచ్చేవాళ్లకు డబ్బివ్వాలా? ఇస్తే సేవాభావం పోతుందని మా కోశాధికారి అంటున్నారు.

జవాబు: శిక్షకుడికి ఇస్తున్నారా? ఇస్తుంటే వీళ్లకూ అదే లెక్కన ఇవ్వండి, తయారీకి పట్టిన గంటలతో సహా. దారి ఖర్చు ఆ రోజే చేతికివ్వండి. రసీదులు పంపితే నెల తర్వాత జమ చేస్తామంటే, చేతిలో డబ్బాడని మనిషికి అది మీ సంస్థకు అప్పివ్వడమే. ఒక జాగ్రత్త: ప్రభుత్వ సాయం పొందుతున్నవారికి అదనపు ఆదాయం వల్ల ఆ సాయానికి గండి పడవచ్చు. ముందే అడిగి, వాళ్లు కోరిన రూపంలో ఇవ్వండి.

ప్రశ్న: వివక్ష మీద సిబ్బందికి, వాలంటీర్లకు ఒక రోజు శిక్షణ తప్పనిసరి చేయమని నిధులిచ్చేవారు షరతు పెట్టారు. దానివల్ల ఫలితం ఉంటుందా?

జవాబు: ఆ ఒక్క రోజు వల్ల పెద్దగా ఉండదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెతకు ఇలాంటి తరగతులే ఉదాహరణ. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికా కంపెనీల సమాచారాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. తప్పనిసరి శిక్షణ పెట్టిన చోట్ల మేనేజర్లలో వైవిధ్యం పెరగకపోగా, కొన్ని వర్గాల వాటా తగ్గింది కూడా. బలవంతంగా కూర్చోబెడితే మనిషి వినడు, మొండికేస్తాడు.

షరతు తప్పదంటే ఆ రోజును రెండు పూటలుగా విడగొట్టమని అడగండి, మధ్య ఆరు వారాల ఎడం ఉండేలా. మొదటి పూట మీ సంస్థలో ఒక పద్ధతిని ఎంచుకోండి, ఉదాహరణకు ఉద్యోగుల ఎంపిక. అందరికీ అవే ఆరు ప్రశ్నలు, అదే వరుసలో. ఒక్కొక్కరూ విడిగా కాగితం మీద మార్కులు వేశాకే చర్చ. "మనలో కలిసిపోతాడా?" అన్న ప్రశ్నను కొట్టేయండి, ఆ ముసుగులోనే చాలా పక్షపాతం దాక్కుంటుంది. రెండో పూట ఆ పద్ధతి ఎలా నడిచిందో చూడండి.

మనుషుల మధ్య దూరం తగ్గాలంటే కలిసి పని చేయించడం మేలు. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి నాలుగు షరతులు చెప్పాడు: ఇరువైపులా సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ లేని సహకారం, పై అధికారుల మద్దతు. చాలా సంస్థలు తప్పేది మొదటి దగ్గరే. ఒక వర్గం దుప్పట్లు పంచుతుంటే ఇంకో వర్గం వరుసలో నిలబడి తీసుకునే కార్యక్రమాలు ఎన్ని చేసినా, ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అన్న భావమే గట్టిపడుతుంది. ఆటస్థలం బాగుచేయడం లాంటి పని తీసుకుని పనిముట్లు, మేస్త్రీ బాధ్యత ఇరువైపులా పంచండి.

ప్రశ్న: మీటింగులో ఒక సీనియర్ సభ్యుడు ఇంకొకరి ఉచ్చారణను ఎగతాళి చేశారు. ఆయన "సరదాకన్నాను" అంటారు, వారు రాజీనామా అంటున్నారు. మాకు ఫిర్యాదుల విధానమే లేదు. (ఒక ఉపాధ్యక్షుడు)

జవాబు: వైవిధ్యం కోసం పనిచేసే సంస్థల్లో ఈ విధానం లేకపోవడం మామూలే, "మనవాళ్లు అలాంటివాళ్లు కాదు" అన్న ధీమాతో. ముందు ఇప్పటి సంగతి. సభ నడిపేవారు ఆ క్షణంలోనే ఒక్క మాట అనాల్సింది: "ఆ మాట ఇక్కడ వద్దు. మూడో అంశానికి వద్దాం." మనిషిని కాదు, మాటను ఆపాలి, ఉపన్యాసం అక్కర్లేదు. అది జరగలేదు కాబట్టి ఇవాళే ఫోన్ చేయండి, నొచ్చుకున్నవారికి ముందు, అన్నవారికి తర్వాత. పాత స్నేహం కొద్దీ ముందు ఆయనతో మాట్లాడి, ఆయన చెప్పింది మనసులో పెట్టుకుని వారి దగ్గరికి వెళితే మీరు మధ్యవర్తి కాదు, ఆయన వకీలు. ఏం జరిగితే సరిపోతుందో వారినే అడగండి. అందరి ముందు క్షమాపణ చెప్పించి చేతులు కలిపించే తంతు పెట్టకండి. "పర్వాలేదు" అనక తప్పని స్థితిలోకి వారిని నెట్టినట్టవుతుంది.

ఆ తర్వాత రెండు పేజీల విధానం రాసుకోండి. ఫిర్యాదు తీసుకోవడానికి ఇద్దరు ఉండాలి, ఇద్దరూ ఒకే వర్గంవారు కాకుండా, ఒకరైనా కార్యవర్గానికి బయటివారు. అందిందని మూడు రోజుల్లో చెప్పాలి, ముప్పై రోజుల్లో తేల్చాలి. ఎవరి మీద వచ్చిందో వారు ఆ చర్చలో కూర్చోకూడదు, కాగితాలూ చూడకూడదు. అధ్యక్షుడి మీదే వస్తే ఎవరికి వెళ్లాలో కూడా రాయండి. మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, తొలగింపు అని శిక్షలకు మెట్లు ముందే ఉండాలి. గొడవ మొదలయ్యాక రాసిన నియమం ఎవరో ఒకరి కోసం రాసినట్టే కనబడుతుంది.

ప్రశ్న: మా సభ్యుల్లో మూడు భాషలవారున్నారు. మీటింగు తెమలడం లేదు.

జవాబు: ఒకరు మాట్లాడాక ఇంకొకరు అనువదించే పద్ధతిలో సమయం రెట్టింపవుతుంది, మూడు భాషలైతే ఇంకా ఎక్కువ. గంటకు ఆరు అంశాలు పెట్టుకుని తెమలలేదనుకోవడం కంటే, రెండే పెట్టుకోండి. అనువాదం అవసరమైనవారు ఇద్దరు ముగ్గురే అయితే పక్కన కూర్చుని చెవిలో చెప్పడం సరిపోతుంది. నిధులు, సభ్యత్వం, తీర్మానం, ఓటు వంటి ఇరవై మాటలకు మూడు భాషల్లో సమానార్థకాల పట్టిక చేసి అందరికీ ఇవ్వండి; గొడవలు సగం అక్కడే వస్తాయి. పిల్లలను అనువాదకులుగా వాడకండి. పెద్దల కష్టాలు పిల్లల నోట చెప్పించడం ఇద్దరికీ నరకం. ఇంకొకటి: మూడు నెలలకొకసారి సభను చిన్న భాషలోనే నడపండి, పెద్ద భాషవారు అనువాదం వినండి. ఎవరికి ఎంత అందుతోందో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: నిధులిచ్చేవారు లెక్కలడుగుతున్నారు. మనుషులను మతం, జాతి, వైకల్యం అడగాలంటే మాకే ఇబ్బందిగా ఉంది.

జవాబు: ఆ ఇబ్బంది మంచిదే, పోగొట్టుకోకండి. ఏ సమాధానంతో ఏ నిర్ణయం మారుతుందో చెప్పలేని ప్రశ్నను తీసేయండి. ప్రతి ప్రశ్నకూ "చెప్పదలచుకోలేదు" గడి ఉండాలి. పేర్ల కాగితం వేరు, ఈ కాగితం వేరు. ఐదుగురి కంటే తక్కువ ఉన్న అంకెను నివేదికలో వేయకండి. "ఒకరు" అని వేస్తే ఆ ఒకరెవరో ఊరందరికీ తెలుస్తుంది.

వైకల్యానికి వాషింగ్టన్ గ్రూప్ (వైకల్య గణాంకాల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం) తయారుచేసిన ఆరు ప్రశ్నలు వాడండి. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, జ్ఞాపకం లేదా ఏకాగ్రత, స్నానం, బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులు, ఇతరులతో మాట చెప్పుకోవడం: వీటిలో ఎంత కష్టముందని అడుగుతారు. జవాబులు నాలుగు: ఏమీ లేదు, కొంత, చాలా, అసలు చేయలేను. ఒక్కదానికైనా "చాలా" లేదా "అసలు చేయలేను" అన్నవారిని లెక్కలోకి తీసుకుంటారు. "వైకల్యం" అన్న మాటే వాడక్కర్లేదు కాబట్టి, ఆ ముద్రకు భయపడి దాచుకునేవారు కూడా జవాబిస్తారు.

ఎంతమంది చేరారన్న అంకె ఒక్కటే పంపకండి. ఏడాది తర్వాత ఎంతమంది మిగిలారో వర్గాలవారీగా చూడండి. ముందు తలుపు నుంచి వచ్చినవాళ్లు వెనక తలుపు నుంచి వెళ్లిపోతున్న సంగతి అందులోనే బయటపడుతుంది.

ప్రశ్న: మా బ్రోషర్లో ప్రతి ఏడూ అదే ఇద్దరి ఫొటో వేస్తున్నామని ఒక సభ్యురాలు నవ్వుతూ అన్నారు. నిజమే. ఏం చేయాలి?

జవాబు: నవ్వుతూ అన్నా ఆమె అన్నది ఫిర్యాదే. ఈ ఏడాది ఆ ఫొటో తీసేసి పని జరుగుతున్న ఫొటో వేయండి. ఇకపై ప్రతి వాడకానికీ విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి: బ్రోషర్‌కు ఇచ్చిన అనుమతి పోస్టర్‌కు, వెబ్‌సైట్‌కు చెల్లదు. అనుమతి రెండేళ్లకే అని రాయండి, మధ్యలో వద్దంటే ఎన్ని రోజుల్లో తీసేస్తారో కూడా. వాళ్లు చదవగలిగే భాషలో ఆ కాగితం ఉండాలి, నకలు వాళ్ల దగ్గరే ఉండాలి.